బండికి తగిన చక్రము



ముప్పదియేండ్లకు పైగా పిల్లలకు సంధులను, సమాసములను, ఛందస్సును నేర్పి విశ్రాంతి గొన్నవాడను. ఇట్టివాడు మోటారు చక్రములను గూర్చి ప్రసంగించుట మీకు వింతగా దోచవచ్చును. నాకును వింతగనే యున్నది. ఈ విద్యను నేను కోరి నేర్చుకొనలేదు. నా సొమ్ముతో, నా కండ్లయెదుట జరిగిన యొక పొరపాటు దీనిని నాకు నేర్పినది. అట్టిది మీ యిండ్లలో జరుగకుండుటకై చెప్పుచున్నాను.

మా కాసిపేట ప్రాంతము నెఱిగినవారికి అచ్చటి దారుల సంగతి చెప్ప నక్కరలేదు. ఒకవైపు బొగ్గుగనులు, ఒకవైపు దేవాపూరు సిమెంటు కర్మాగారము, నడుమ పత్తిచేలు, వాని వెనుక అడవి, అడవిలో గోండుల గూడెములు. సోమగూడెమునుండి బెల్లంపల్లికి పెద్దరోడ్డున పోవుట సుఖమే. రోడ్డు దిగి నల్లరేగడిలో చక్రము పెట్టితిమా, తొలకరి మొదలు దసరావరకు బండి ఇరుసుదాక దిగబడును.

నా మనుమడు ఆ గూడెములకు సరకులు చేర్చి, తిరుగుదారిలో పత్తిని, మనుష్యులను తెచ్చుటకై పాతజీపు నొకదానిని కొనెను. ఒక శ్రావణమాసపు రాత్రి నెలలు నిండిన యొక గర్భిణిని బెల్లంపల్లి ఆసుపత్రికి తెచ్చుచుండగా, చక్రములు గాడిలో దిగి, వెనుక ఇరుసు నడుమనుండు ఇనుపగుండు మట్టిదిబ్బకు తగిలి బండి నిలిచిపోయెను. చక్రములు తిరుగుచున్నవి, బండి కదలదు. నలుగురు మనుష్యులు ఆమెను నులకమంచముమీద మోసి రోడ్డు చేర్చిరి. దైవానుగ్రహమున తల్లియు బిడ్డయు క్షేమముగ నున్నారు. మఱునాడు మనుమడు నా యొద్దకు వచ్చి, "తాతా, పెద్ద టైర్లు వేయిస్తేనే ఈ బండి గూడెం చేరుతది" అనెను. రాత్రి చూచిన మంచము నా మనస్సులో నుండెను. ఒక్క ప్రశ్నయైన నడుగక సొమ్మిచ్చితిని. నా తప్పిదము అచ్చటనే మొదలైనది.

టైరుమీద వ్రాసియుండు అంకెలను చదువుట కష్టము కాదు. మా బండి టైరుమీద 215/75 ఆర్ 15 అని యుండెను. 215 టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 75 అనగా ఆ వెడల్పులో నూటికి 75 పాళ్లు టైరు గోడ యెత్తు. 15 ఇనుపచక్రము వ్యాసము, అంగుళములలో. లెక్కగట్టిన మొత్తము ఎత్తు దాదాపు 703 మిల్లీమీటర్లు. మనుమడు కొనితెచ్చినవి 31 అంగుళముల ఎత్తు, పదిన్నర అంగుళముల వెడల్పు గలవి. అనగా 787 మిల్లీమీటర్ల ఎత్తు. ఎనిమిది సెంటీమీటర్లకు పైగా పెరిగినదని మేము సంతోషించితిమి. కాని ఇరుసు చక్రము నడుమ నుండును గదా! చక్రము ఎనిమిది పెరిగిన ఇరుసు లేచునది నాలుగే. ఈ చిన్న లెక్కను పాఠశాలలో ఎందరికో చెప్పినవాడను. నా యింట చెప్పుకొనలేకపోతిని.

మఱియొక లెక్క వినుడు. పెద్దచక్రము ఒక్కచుట్టునకు ఎక్కువ దూరము పోవును. కాని బండిలోని వేగసూచిక పాతచక్రము లెక్కనే చూపును. అది 50 అని చూపునపుడు మా బండి నిజముగా 56 కిలోమీటర్ల వేగమున పోవుచుండెను. బ్రేకులు మాత్రము పాతవే. పొడుగుకఱ్ఱ కొనను పట్టి ఆపుట సులభము, మొదట పట్టి ఆపుట కష్టమని మీరెఱుగుదురు. బ్రేకు చక్రము మొదట పట్టునది. చక్రము పెరిగినకొలది దాని పట్టు తగ్గును. మా బండికి పదింట నొకవంతుకు పైగా తగ్గెను. వేగము తెలియక పెరిగినది, ఆపు శక్తి తెలియక తగ్గినది.

ఇక టైర్లు మడ్గార్డులలో పట్టలేదు. పట్టణములో నొక షెడ్డు మేస్త్రి బండిని ఖాళీగా నిలిపి, తగిలినచోట సుద్దగీత గీసి, కోతయంత్రముతో రేకు కోసివేసెను. కోసిన అంచును మడవలేదు. రంగు పూసి పంపెను. చూచుటకు బండి సింహమువలె నుండెను. ఊరివారు మెచ్చిరి.

కొన్నిదినములు రబ్బరు కాలిన వాసన వచ్చుచుండెను. కొత్త టైర్లకు సహజమని యూరకుంటిమి. మూడవవారమున పత్తిబోరాలతోను, పైన కూర్చున్న కూలివారితోను దిగుడుమలుపులో వచ్చుచుండగా, బరువునకు కమానుపట్టీలు అణగి వెనుక చక్రము పైకి లేచెను. కోసిన రేకు కత్తివలె టైరు గోడను చీల్చెను. బండి దారి తప్పి మోదుగుచెట్టునకు గ్రుద్దుకొనెను. నేను ముందు కూర్చుండియుంటిని. ప్రాణములు దక్కినవి. కాని ఒక కూలివాని ముంజేయి విరిగినది. ఆ పత్తికాలపు కూలి నేనిచ్చితిని. ఆ చేయి నేటికిని పూర్తిగా వంగదు. అతడు నన్ను ఒక్కమాట యనలేదు. దారిలో కనబడిన ఎడమచేతితో నమస్కరించును.

తరువాత, గనుల వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసి విరమించిన యొక పెద్దమనిషి వచ్చి బండిని చూచెను. ఆయన చెప్పిన మొదటిమాట యిది: "సారూ, ఖాళీ బండిని కొలిస్తె ఏం లాభం? బరువెక్కినంక కొలువాలె." గోదావరిఖని ప్రాంతపు ఉపరితల గనులలో నూరుటన్నుల డంపర్లు తిరుగును. వాని చక్రము రెండున్నర మీటర్లకు మించిన ఎత్తు. ఆ చక్రమునకును పై రేకునకును నడుమ అంత ఖాళీ ఏల విడిచిరో నేనెన్నడు నాలోచింపలేదు. బరువు పడినపుడు చక్రము పైకి వచ్చుటకు విడిచిన చోటది. ఆ బండ్లను చేయువారు చక్రమును ముందు నిర్ణయించి, దానిచుట్టు బండిని కట్టుదురు. మేము బండిని ముందుంచుకొని చక్రమును లోపలికి దూర్చితిమి.

ఆలోచింపగా ఇది మన యెడ్లబండి సంగతియే. కొయ్యచక్రము నిలువెత్తున బండితొట్టికి ప్రక్కన నిలుచును. కావున తొట్టి రెండు చక్రముల నడుమ ఇరుకుగా నుండెడిది. 1888లో డన్లప్ అను పశువైద్యుడు బెల్ఫాస్టులో తన కుమారుని మూడుచక్రముల బండికి గాలిటైరు కట్టెను. కాలక్రమమున అట్టి టైర్లు మన యెడ్లబండ్లకును వచ్చెను. చక్రము పొట్టిదగుటచే తొట్టి చక్రములపైకి ఎక్కి వెడల్పయ్యెను. మన వడ్రంగులు చక్రమును మార్చి తొట్టిని పాతదే యుంచలేదు. ఇరుసు, కాడిమాను, తొట్టి అన్నిటిని దానికి తగునట్లు సవరించిరి. వారెఱిగిన ధర్మమును మోటారు కాలమున మేము మఱచితిమి.

ఫిట్టరు చెప్పిన పద్ధతిని క్రమముగా చెప్పెదను. మొదట బండిలో నిండుబరువునకు సరిపడు ఇసుకబస్తాలు పెట్టవలెను. ఒక్కొక్క చక్రమును రాళ్లకుప్పమీదికి ఎక్కించి, అది మడ్గార్డులోనికి ఎంతవఱకు లేచునో చూడవలెను. ముందుచక్రములను స్టీరింగు కుడికొసకును, ఎడమకొసకును త్రిప్పి చూడవలెను. మడ్గార్డు లోపలి అంచునకు సుద్ద రాచిన, టైరుమీద సుద్ద అంటినచోట తగులుచున్నదని తెలియును. రేకు సవరించినచోట అంచును లోపలికి మడచి, లేదా గుండ్రని ఇనుపకడ్డీ నతికి, తుప్పు పట్టకుండ రంగు వేయవలెను. బరువు మోయు చట్రమును, తలుపు నిలిపెడు స్తంభమును ముట్టరాదు. చక్రము దిగువకు వ్రేలాడినపుడు బ్రేకుగొట్టము బిగియుచున్నదేమో చూడవలెను.

అయితే చేయవచ్చునా యనునది వేఱుప్రశ్న. 1988 నాటి మోటారు వాహనముల చట్టములో 52వ సెక్షను కలదు. తయారీదారుడు మొదట నిర్ణయించిన వివరములకు భిన్నముగ వాహనమును మార్చరాదని దాని భావము. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనినే స్థిరపఱచెను. ఆ సంవత్సరమే చట్టమును సవరించి, అనుమతిలేని ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానాయో, ఆరునెలలవఱకు ఖైదో, రెండునో విధింపవచ్చునని చేర్చిరి. ప్రమాదము జరిగిన బీమావారు ఈ మార్పును ఎత్తిచూపుటకును అవకాశ మేర్పడును. నేను సొమ్మిచ్చినదినమున ఈ సంగతి నెఱుగను. తెలిసికొన యత్నింపలేదు కూడ.

తుదకు మేము చేసినది చెప్పెదను. పెద్ద టైర్లను తీసివేసితిమి. తయారీదారుడు చెప్పిన కొలతలోనే, బురదను పట్టు లోతైన గాళ్లు గల టైర్లు వేయించితిమి. కోసిన మడ్గార్డులకు రేకు అతికించి, అంచున కడ్డీ వేయించితిమి. ఆ వేసవిలో గూడెపు పెద్దలును మేమును కూడి, బండి నిలిచిపోయిన చోట గాళ్లనడుమ దిబ్బను చెక్కి, మొరము పోసి, ప్రక్కన నీరుపోవుటకు కాలువ తీసితిమి. ఇప్పుడు జీపు చాలదినములు పోవుచున్నది. విడువక వారము వాన కురిసిన నేటికిని పోదు. అట్టి దినములలో గూడెమువారి ఎడ్లబండియే దిక్కు. గర్భిణులను నెలలు నిండకముందే రోడ్డుప్రక్క బంధువుల యిండ్లకు చేర్చుట అలవాటు చేసికొనిరి.

పెద్దలారా! మీ మనుమడో, మేనల్లుడో వచ్చి పెద్దచక్రములు కావలెనన్నచో కోపింపకుడు. వాని కోరిక వెనుక నిజమైన అవసర ముండవచ్చును. సొమ్ము తీయుటకు ముందు టైరుమీది అంకెలు చదివి వినిపింపుమనుడు. ఇసుకబస్తాలు పెట్టి కొలిచితివా యని యడుగుడు. బండి దిగబడుచోటికి వానితో కలసి నడచి వెళ్లుడు. ఆ చోటు చూచిన తరువాత కొనవలసినది టైరో, మొరమో మీకే తెలియును. నేను ఆ నడక ముందుగా నడచియుండిన ఒకని చేయి నిలిచియుండెడిది.

సెలవు.