తీరిక రోజులు – శరీరం పట్ల మన బాధ్యత

సకల స్తుతులకు అర్హుడు అల్లాహ్ మాత్రమే. ఆయనే మనకు ప్రాణమిచ్చాడు. ఆ ప్రాణం నివసించేందుకు దేహాన్ని ఇచ్చాడు. ఆ దేహానికి ఆహారాన్ని, విశ్రాంతిని ఏర్పరచాడు. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు కురియుగాక!

ధార్మిక సోదరులారా! మొదట మాకు మేము, ఆ తరువాత మీకు దైవభీతిని గురించి హితవు చెబుతున్నాము.

దాళ్వా కోతలు ముగిశాయి. విజ్జేశ్వరం వద్ద పశ్చిమ డెల్టా కాలువకు నీరు కట్టివేసే కాలం వచ్చింది. పొలాల్లో పని లేదు, బడులకు సెలవులు. కువైట్, సౌదీ, ఖతర్ దేశాలలో ఏళ్ల తరబడి శ్రమించిన సోదరులు కొందరు రెండు నెలల సెలవుపై మన నిడదవోలుకు, చుట్టుపక్కల గ్రామాలకు వచ్చి ఉన్నారు. ఏడాది పొడవునా ‘తీరిక లేదు’ అన్న మాట మన నోటి వెంట వినిపించేది. ఇప్పుడు తీరిక దొరికింది. మరి ఈ తీరికను మనం ఏమి చేస్తున్నాము? నేటి ప్రసంగ విషయం ఇదే.

సాధారణంగా జరుగుతున్నదేమిటి? రాత్రి రెండు గంటల వరకు ఫోను చూడటం, ఫజ్ర్ నమాజు పోగొట్టుకోవడం, పొద్దెక్కిన తరువాత లేవడం. మధ్యాహ్నం ఒక ఇంట బిర్యానీ, దాల్చా, రాత్రి మరొక ఇంట దావతు. సాయంత్రం బేకరీ ముందు కబుర్లు, చక్కెర నిండిన టీలు, కూల్ డ్రింకులు. చుట్టాలింటికి వెళ్లేటప్పుడు పూతరేకులు, కాజాల పొట్లాలు. సెలవు ముగిసేనాటికి పాత చొక్కా గుండీలు పట్టవు. చూసిన వారు ‘ఒళ్లు చేశావు, సుఖపడ్డావు’ అని నవ్వుతారు. అయితే ఇది నవ్వి ఊరుకునే విషయం కాదు. మన మస్జిదు పంక్తులలో కుర్చీలు ఏటికేడు పెరుగుతున్నాయి. వృద్ధులకు, రోగులకు ధర్మం ఆ వెసులుబాటు ఇచ్చింది. కాని నలభై ఏళ్లు నిండని మనిషి మోకాళ్ల నొప్పితో సజ్దాకు దూరమైతే, అది మనందరం ఆలోచించవలసిన సంగతి.

సోదరులారా! హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు సహీహ్ బుఖారీలో ఉన్నది. రెండు అనుగ్రహాల విషయంలో అనేకమంది నష్టపోతున్నారని దైవప్రవక్త (స) తెలియజేశారు. ఒకటి ఆరోగ్యం, రెండవది తీరిక. ఈ హదీసులో నష్టపోయేవాడికి వాడిన అరబీ పదం ‘మగ్బూన్’. ఇది బజారు మాట. విలువైన సరుకును కారుచౌకగా అమ్ముకుని, అమ్మానన్న సంగతి కూడా గ్రహించని వర్తకుణ్ణి మగ్బూన్ అంటారు. సెలవు రోజులలో ఆరోగ్యం, తీరిక రెండూ ఒకేసారి మన చేతిలో ఉంటాయి. వాటిని ఒకేసారి పోగొట్టుకునే ప్రమాదమూ ఆ రోజులలోనే ఉంటుంది.

అంటే విశ్రమించడం తప్పా? కాదు. హజ్రత్ అబుద్దర్దా (రజి) పగలంతా ఉపవాసాలతో, రాత్రంతా నమాజులతో గడుపుతూ ఉండగా, హజ్రత్ సల్మాన్ ఫారసీ (రజి) ఆయన్ను వారించారు. ప్రభువుకు ఉన్నట్లే దేహానికి, భార్యకు కూడా మనపై హక్కు ఉన్నదని గుర్తు చేశారు. ఆ మాటను దైవప్రవక్త (స) సమర్థించారు. కాబట్టి నిద్ర దేహపు హక్కు, విశ్రాంతి దేహపు హక్కు. అయితే కదలిక కూడా దేహపు హక్కే. మితమైన ఆహారమూ దాని హక్కే. అల్ ఇన్షిరాహ్ సూరా 7వ ఆయతులో, ఒక పని నుండి తీరిక లభించినప్పుడు మరొక శ్రమకు పూనుకోవలసిందిగా అల్లాహ్ తన ప్రవక్తను ఆదేశించాడు. విశ్వాసికి తీరిక అంటే పని మారడమే గాని, సోమరితనం కాదు.

ఇక మన ప్రాంతపు పరిస్థితి చూడండి. ఇది వరి పండే నేల. అన్నం అల్లాహ్ మనకిచ్చిన వరం, దాన్ని నిందించరాదు. కాని మన తాతలు నడుము వంచి బురదలో నాట్లు వేసి, బస్తాలు మోసి, మైళ్లు నడిచి ఆ అన్నం తిన్నారు. మనం బండి మీద కూర్చుని, దుకాణంలో కూర్చుని, ఇంట్లో కూర్చుని అంతే అన్నం తింటున్నాము. పని తగ్గింది గాని పళ్లెం తగ్గలేదు. భారతదేశంలో 10 కోట్లకు పైగా ప్రజలు మధుమేహంతో ఉన్నారని భారత వైద్య పరిశోధన మండలి సహకారంతో జరిగిన అధ్యయనం 2023లో వెల్లడించింది. మధుమేహం అంచున ఉన్నవారు అంతకన్నా ఎక్కువమంది. మన దేశస్థులలో పురుషుల నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు, స్త్రీలది 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలని వైద్యులు చెబుతున్నారు. ఇంటికి వెళ్లి ఒక దర్జీ టేపు తీసుకుని కొలుచుకోండి. ఆ లెక్క మిమ్మల్ని అవమానించడానికి కాదు, మేల్కొల్పడానికి.

దీనికి పరిష్కారం లేకపోలేదు. మధుమేహం అంచున ఉన్న మన దేశస్థులపై చెన్నైలోని వైద్యులు జరిపి, 2006లో ప్రచురించిన పరిశోధనలో, నడక, ఆహార నియమం పాటించిన వారికి ఆ వ్యాధి వచ్చే ముప్పు నాలుగో వంతుకు పైగా తగ్గింది. నడకకు రుసుము లేదు. పళ్లెంలో అన్నం తగ్గించి కూర, పప్పు పెంచుకోవడానికి ఆస్తిపాస్తులు అక్కరలేదు.

దైవప్రవక్త (స) మనకు కొలత కూడా నేర్పారు. మనిషి నింపే పాత్రలన్నిటిలో కడుపును మించిన చెడ్డ పాత్ర లేదని, నడుము నిలబెట్టే కొన్ని ముద్దలు చాలునని, అంతకు మించక తప్పదంటే మూడో వంతు ఆహారానికి, మూడో వంతు నీటికి, మూడో వంతు శ్వాసకు విడిచిపెట్టాలని బోధించినట్లు తిర్మిజీలో ఉన్నది. అల్ అఅరాఫ్ సూరా 31వ ఆయతులో అల్లాహ్ తినడానికి, తాగడానికి అనుమతి ఇస్తూనే మితిమీరడాన్ని నిషేధించాడు. దుబారా అంటే డబ్బు పారవేయడమే అనుకుంటాము. అవసరం లేని ముద్దను కడుపులో పారవేయడం కూడా దుబారాయే.

సోదరులారా! అలవాటు ఎలా మారుతుంది? మన కాలువనే చూడండి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది, డెల్టా పచ్చబడింది. అయినా వేసవిలో కాలువలు కట్టివేసి, పూడిక తీసి, గుర్రపుడెక్క, తూడు తొలగించి, గట్లు, లాకులు బాగుచేయవలసిందే. నీరు నిండుగా పారుతున్నప్పుడు ఆ పని చేయలేరు. ఆ కొద్ది వారాలు వృథా చేస్తే, జూన్‌లో నీరు వదిలినప్పుడు చివరి పొలానికి చేరదు. మన తీరిక రోజులు కూడా అటువంటివే. మరమ్మతు ఇప్పుడే జరగాలి, దాని ఫలితం పని మొదలైన తరువాత కనిపించాలి.

లండన్‌లో జరిగి 2010లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, ఒక కొత్త పని అలవాటుగా స్థిరపడటానికి సగటున 66 రోజులు పట్టినట్లు తేలింది. ఇంచుమించు ఒక సెలవు కాలం. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడిపోలేదని కూడా అందులో తేలింది. ఒక పూట తప్పితే ‘ఇక నా వల్ల కాదు’ అని వదిలివేయకండి. మరునాడు తిరిగి మొదలుపెట్టండి. కొద్దిపాటిదైనా నిరంతరం చేసే ఆచరణ అల్లాహ్‌కు అత్యంత ప్రియమైనదని హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖనం మనకు తెలిసినదే. తమ స్థితిని తాము మార్చుకోని జాతి స్థితిని అల్లాహ్ మార్చడని అర్ రఅద్ సూరా 11వ ఆయతు తెలుపుతున్నది.

కాబట్టి నాలుగు చిన్న పనులు సూచిస్తున్నాము. ఒకటి, ఫజ్ర్ తరువాత పడుకోకుండా అరగంట వేగంగా నడవండి. కాలువ గట్టు ఉన్నది, చల్లని గాలి ఉన్నది. రెండు, మస్జిదుకు బండి మాని నడిచి రండి. ప్రతి అడుగుకూ పుణ్యం ఉన్నదని మన ప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. మూడు, ఇషా తరువాత ఏమీ తినకండి, త్వరగా నిద్రపోండి. నాలుగు, శక్తి ఉన్నవారు సోమ, గురువారాలలో సున్నత్ ఉపవాసం ఉండండి. ఇఫ్తార్‌ను మాత్రం విందుగా మార్చకండి. ఏ అలవాటు ఎంచుకున్నా ఒక పరీక్ష పెట్టుకోండి: సెలవు ముగిసి పనిలో చేరిన మొదటి రోజున కూడా ఇది సాగుతుందా? రోజుకు మూడు గంటల వ్యాయామం సెలవుతోనే ముగిసిపోతుంది. అరగంట నడక ఎడారి దేశంలోని కార్మికుల వసతిగృహంలోనూ సాగుతుంది, రైల్వే డ్యూటీలోనూ సాగుతుంది.

మరొక మాట. మనకు సెలవు వచ్చింది, మన ఇళ్లలోని స్త్రీలకు వచ్చిందా? మన తీరిక వారికి రెట్టింపు పని అవుతున్నది. వేసవి మధ్యాహ్నం పొయ్యి ముందు నిలబడి వారు మూడు రకాల కూరలు వండితే, మనం పంకా కింద కూర్చుని తింటున్నాము. దైవప్రవక్త (స) ఇంటి పనులలో భార్యలకు తోడ్పడేవారు. కూరగాయలు తరగండి, నీళ్లు మోయండి, చీపురు పట్టండి. అది మీకు వ్యాయామం, వారికి విశ్రాంతి, ఇద్దరికీ పుణ్యం. సాయంత్రం వారినీ నడకకు తీసుకువెళ్లండి. దైవప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేశారు. మొదటిసారి ఆమె గెలిచారు. కొంతకాలానికి ఆమెకు ఒళ్లు వచ్చిన తరువాత ఆయన గెలిచి, ఆ గెలుపుకు ఇది బదులని సరదాగా అన్నారు. అందులో ఎగతాళి లేదు, ఆప్యాయత ఉన్నది.

ఎగతాళి విషయంలో భయపడండి. లావుగా ఉన్నవారిని పేర్లు పెట్టి పిలవడం అల్ హుజురాత్ సూరా 11వ ఆయతు నిషేధించిన పాపం. కొందరి బరువుకు వ్యాధి కారణం, కొందరికి మందులు కారణం. హజ్రత్ ఇబ్నె మస్ఊద్ (రజి) సన్నని కాళ్లను చూసి కొందరు నవ్వినప్పుడు, ఆ కాళ్లు ప్రళయదినపు త్రాసులో ఉహుద్ కొండ కంటే బరువైనవని ప్రవక్త (స) చెప్పారు. అసలు తూకం అక్కడ ఉన్నది.

కాబట్టి సంకల్పం సరిచేసుకోండి. అద్దం కోసం, ఫోటో కోసం కాదు. సజ్దా సులువుగా చేయడానికి, పిల్లలకు హలాల్ సంపాదన తేవడానికి, రేపు హజ్‌లో సఫా, మర్వాల మధ్య మూడు కిలోమీటర్లకు పైగా మన కాళ్లతో మనమే నడవడానికి. పది రోజులలో పది కిలోలు తగ్గిస్తామనే పొడులను, మాత్రలను నమ్మకండి. షుగరు, గుండె మందులు వాడేవారు వైద్యుని అడగకుండా ఉపవాసాలు మొదలుపెట్టకండి. దేహాన్ని హింసించడం కూడా అమానత్‌లో ద్రోహమే.

ఓ అల్లాహ్! మాకు ఆరోగ్యాన్ని, దానికి కృతజ్ఞత చూపే బుద్ధిని ప్రసాదించు. మా తీరికను మాకు సాక్షిగా నిలుపు, మాపై సాక్షిగా నిలుపకు. మా రోగులకు స్వస్థత చేకూర్చు. పరదేశాలలో శ్రమిస్తున్న మా సోదర సోదరీమణులను కాపాడు, వారిని క్షేమంగా ఇళ్లకు చేర్చు. ఈ డెల్టా ప్రజలందరికీ సకాలంలో నీటిని, పంటను అనుగ్రహించు. చివరి శ్వాస వరకు నీ ముందు మా నుదురు నేలకు ఆన్చగలిగే శక్తిని మాకు ఇవ్వు. ఆమీన్.