పేరు రాస్తే చాలదా, సార్?



"నెట్‌లో ఉన్నది అందరిదే కదా సార్, కింద పేరు కూడా రాశాం" అంటారు మా పదో తరగతి పిల్లలు. పేరు రాయడం మర్యాదే. అనుమతి మాత్రం కాదు. 1957 నాటి కాపీరైటు చట్టం నెట్‌కూ వర్తిస్తుంది. రిజిస్టరు చేయించకపోయినా హక్కు హక్కే. అలాగని బెదిరిపోనక్కర్లేదు. సొంత చదువుకు కొంత రాసుకోవచ్చు, తరగతిలో పాఠానికి వాడుకోవచ్చు. ఇక్బాల్ సాహెబ్ 1938లో కన్నుమూశారు. రచయిత పోయాక 60 ఏళ్ల గడువు ఏనాడో దాటింది కనుక ఆయన నజ్ములు ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. మొన్న ఎవరో పాడిన రికార్డింగు మాత్రం వేరే సొత్తు.

పిల్లలనేమిటి, నిరుడు నేనే బడి కరపత్రంలో నెట్‌లో దొరికిన ఫోటో వేశాను. తీసింది మన వీధి కుర్రాడే. పెళ్లిళ్లకు ఫోటోలు తీసి ఇల్లు నడుపుతున్నాడు. "అడిగితే ఇచ్చేవాణ్ణి కదా సార్" అన్నాడు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు.