రాలిన ఆకు కింద

మే నెలలో రాత్రి పదకొండు దాటాక డాబా మీద చెయ్యి పెట్టి చూశారా? ఇంకా వెచ్చగానే ఉంటుంది. పగలంతా తాగిన ఎండను సిమెంటు రాత్రిపూట కక్కుతుంది. ఫ్యాను వేస్తే వేడిగాలి కొడుతోందని మనం విసుక్కునేది అందుకే.

అదే వేళప్పుడు హైదరాబాదులో కేబీఆర్ పార్కు పక్కనుంచి బండి మీద వెళ్తే గాలి మారినట్టు ఒంటికి తెలుస్తుంది. సుమారు 390 ఎకరాల అడవి అది. 1998లో జాతీయ ఉద్యానవనమైంది. జనం నోట మాత్రం పార్కే. ఆ పేరే దానికి కొంత చేటు చేసిందని నాకనిపిస్తుంది.

ఆ చల్లదనం ఎక్కడిదో కొత్త కుండను చూస్తే తెలుస్తుంది. కుండ పైకి చెమరుస్తుంది, ఆ చెమ్మ ఆవిరవుతూ లోపలి నీళ్ళను చల్లబరుస్తుంది. పగటిపూట చెట్టు చేసేదీ ఇదే. వేళ్ళు తాగిన నీరు ఆకుల అడుగునున్న సన్నని రంధ్రాల గుండా ఆవిరవుతూ చుట్టుపక్కల వేడిని లాక్కుంటుంది. ఎండాకాలంలో నీళ్ళెక్కడివంటారా? వేప, కానుగ వేళ్ళు బండల పగుళ్ళు వెతుక్కుంటూ లోతుకు దిగుతాయి. అందుకే వానలు రాకముందే కొత్త చిగురు తొడుగుతాయి.

మా బంధువు ఒకాయన కేబీఆర్ పార్కు గురించి, "ఏముందండీ అక్కడ, ముళ్ళపొదలూ ఎండుటాకులూ! శుభ్రం చేసి పచ్చిక పరిస్తే పోలా?" అంటాడు. ఆయన చెత్త అంటున్నదే అడవికి ప్రాణం. వానాకాలంలో మీ పెరటి చెట్టు కింద ఆకుల పొరను పుల్లతో కదిపి చూడండి. పైన ఆకులు ఆకుల్లాగే ఉంటాయి. వాటి కింద ఈనెలు మాత్రం మిగిలిన జల్లెడలు. ఇంకా కింద తెల్లని దారాల్లాంటి బూజు, చెదలు, నల్లని మెత్తటి మన్ను. బోడినేల మీద జారిపోయే వాన ఇక్కడ నిదానంగా ఇంకుతుంది.

వేపపండు జూన్, జులైల్లో రాలుతుంది. దాని గింజకు ఓపిక తక్కువ, కొద్ది వారాల్లోనే మొలకెత్తే శక్తి సన్నగిల్లుతుంది. ఆలోపే దానికి తడి పరుపు దొరకాలి. ఆకులన్నీ ఊడ్చి తగలబెట్టిన చోట పెద్ద చెట్లు నిలుస్తాయి కానీ వాటి కింద పిల్ల చెట్టు కనిపించదు. మనవలు లేని ముసలివాళ్ళ ఊరన్నమాట.

తొలకరి పడ్డాక నడకదారి అంచున చూస్తూ నడవండి. వేలెడంత మొలక, రంపపు అంచు ఆకులు కనిపిస్తే అది వేప కావచ్చు. చెప్పు కాస్త పక్కకు వెయ్యండి.