ఫుల్‌బ్రైట్ ఎవరికి? సెలవు సంతకం ఎవరిది?

(దళిత అధ్యాపకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



యూనివర్సిటీల్లో కొత్తగా చేరిన అధ్యాపకులు కొన్ని నెలలు విదేశానికి పోయి పరిశోధన చేసుకుని, పాఠం చెప్పి రావడానికి ఫెలోషిప్పులున్నాయి. వాటిలో పేరున్నది ఫుల్‌బ్రైట్. హాస్టళ్లలో మెస్ బిల్లులే రానప్పుడు మనకీ అమెరికా మాటలెందుకు అంటున్నారు మనోళ్లే కొందరు. మెస్ బిల్లుల కోసం ధర్నాలు చేసినోళ్లమే మేమూ. అయినా ఈ మాట ఎందుకెత్తుతున్నామో వినండి.

1913లో బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో బాబాసాహెబ్ కొలంబియా యూనివర్సిటీకి వెళ్లారు. కులాల పుట్టుక మీద 1916లో అక్కడి సెమినార్‌లోనే పేపర్ చదివారు. పరదేశంలో గడిపిన ఆ ఏళ్లలో తాను అంటరానివాడినన్న స్పృహే చెరిగిపోయిందని ఆయనే రాసుకున్నారు. 1917లో తిరిగొచ్చి బరోడా కొలువులో చేరితే ఉండటానికి గది దొరకలేదు. పార్సీ సత్రంలోంచి కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. పరదేశం మనిషిగా చూసింది, స్వదేశం కులంగా చూసింది. ఆ తేడా ఒక్కసారైనా ఒంటికి తెలియాలి. అందుకే ఈ అవకాశం మనకి కావాలి.

ఫుల్‌బ్రైట్ 1946 నాటి అమెరికా చట్టంతో పుట్టింది. యుద్ధం అయ్యాక విదేశాల్లో మిగిలిపోయిన సైనిక సామాను అమ్మిన సొమ్ముతో మొదలైంది. మన దేశంతో ఒప్పందం 1950లో కుదిరింది. 2008లో చేసుకున్న కొత్త ఒప్పందంతో భారత ప్రభుత్వమూ సమానంగా డబ్బు పెట్టడానికి ఒప్పుకుంది. నెహ్రూ పేరు చేరింది అందుకే. అంటే అందులో మన కూలి తల్లులు కొనే సరుకుల మీది పన్నూ ఉంది. ఆ పథకానికి పేరిచ్చిన సెనేటర్ ఫుల్‌బ్రైట్, నల్లపిల్లలు తెల్లపిల్లలు ఒకే బడిలో కూర్చోవడాన్ని వ్యతిరేకించే ప్రకటన మీద 1956లో సంతకం పెట్టాడు. 1964 పౌరహక్కుల చట్టానికీ వ్యతిరేకంగా ఓటేశాడు. కాబట్టి పేరు చూసి మురిసిపోనక్కర్లేదు. దాత మంచితనం కాదు, మన హక్కు చూసుకుని అడుగుదాం.

ఇప్పుడు అసలు కిటుకు. మంచి ప్రాజెక్టు రాయాలి, సిఫారసు ఉత్తరాలు తేవాలి. ఇవి కష్టపడితే వస్తాయి. ఉద్యోగంలో ఉన్నవాళ్లకి మాత్రం సెలవిస్తామని పైవాళ్లు సంతకం పెట్టాలి. తాళంచెవి అక్కడుంది. మాలో ఒకరికి జరిగిందే చెప్తాం. సర్క్యులర్ హెడ్ గారి సొరుగులోనే ఉండిపోయింది. గడువు దాటాక బయటపడింది. మరుసటేడు ముందే తెలుసుకుని ఫారం పట్టుకెళ్తే, "నువ్వెళ్తే క్లాసులెవరు చెప్తారమ్మా?" అన్నారు. అదే ఏడు అదే డిపార్ట్‌మెంట్ నుంచి ఇంకొకాయన వెళ్లొచ్చారు. ఆయన క్లాసులు చెప్పింది మన అమ్మాయే!

ఇక కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ వాళ్ల గతేంటి? పక్కా ఉద్యోగమే లేనోడికి సెలవెక్కడిది? 2018లో రోస్టర్‌ని డిపార్ట్‌మెంట్ లెక్కన మార్చి మన పోస్టులకి ఎసరు పెట్టారు. దేశమంతా కొట్లాడితే 2019లో చట్టం తెచ్చి మళ్లీ యూనివర్సిటీ లెక్కకి వచ్చారు. కొట్లాడితేనే వచ్చింది, గుర్తుంచుకోండి.

మేం కోరేది ఇంతే. ప్రతి ఫెలోషిప్ ప్రకటన వచ్చిన రోజే తేదీ వేసి నోటీసు బోర్డులో పెట్టాలి. సెలవు కాదంటే కారణం కాగితం మీద రాసివ్వాలి. గత పదేళ్లలో ఎవరెవరికి సెలవిచ్చారో సమాచార హక్కు కింద అడుగుదాం. మనలో సీనియర్లు ఏటా ఇద్దరు జూనియర్ల దరఖాస్తులు దగ్గరుండి రాయించాలి.

వెళ్లినోళ్లు తిరిగి రావాలి. బాబాసాహెబ్ గది దొరకని దేశానికే తిరిగొచ్చారు. వచ్చారు కాబట్టే మనమీ వేదిక మీద మాట్లాడుతున్నాం.

జై భీమ్!