చేతిపనికి గిరాకీ



మన చీరాలలో ఒకప్పుడు తేలియా రుమాళ్లు నేసేవారు. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో రోజుల తరబడి పిసికి, ఆరబెట్టి, చిటికి కట్టి రంగులో ముంచేవారు. ఆ ఎరుపు అందుకే అంతగా నిలిచేది. నూనె వాసన కూడా ఓ పట్టాన వదిలేది కాదు! అవి ఓడలెక్కి అరబ్బు దేశాలకు పోయి తలగుడ్డలయ్యేవి. ఇక్కడ జాలర్లకు లుంగీలయ్యేవి. ఆ బేరం తగ్గాక చీరాలలో పని మూలపడింది. తెలంగాణలోని పుట్టపాక నేతగాళ్లు దాన్ని చీరలకూ దుపట్టాలకూ మళ్లించి నిలబెట్టుకున్నారు. 2020లో తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది.

కుట్టుమిషన్లు పంచుతున్నాం, సంతోషం. కానీ మిరపకాయల తొడిమలు తీసి చేతులు మండిన ఆడపిల్ల ఇంటికొచ్చి మిషన్ ముందు కూర్చుంటే, కుట్టడానికి గుడ్డ ఉండాలి కదా? పెళ్లి జాకెట్టు మీద మగ్గం వర్క్‌కు మనమే వేలు పోస్తాం. ఇంటి పక్కన కుట్టే అమ్మాయి దగ్గర మాత్రం పది రూపాయలకు బేరమాడతాం. పండక్కి పేదలకిచ్చే బట్టలు రెడీమేడ్‌గా ఎందుకు కొనాలి? తాను మనం తెచ్చిద్దాం, కుట్టు వాళ్లకిద్దాం, కూలి బజారు ధరకు, పండక్కి ముందే. వచ్చే రంజాన్‌కు వంద జతలతో మొదలుపెడదాం. తాను ఖర్చు ఎవరు పెట్టుకుంటారో ఇవాళే పేరు రాయించండి.