పెరికి పాఱవేయు గంగపాయ



వానకాలము ప్రవేశింపగానే ప్రభుత్వోద్యోగుల నివాసములయందు ఒక పని ఆరంభమగును. ఇంటిముందటి పచ్చికలోను, ఇటుకల సందులలోను, పూలకుండీల మొదళ్ళలోను మొలచిన కలుపును తోటమాలి పెరికి ఒక మూల కుప్పవేయును. ఆ కుప్పలో ఎఱ్ఱని కాడలతో, దళసరియైన నున్నని చిన్న ఆకులతో నేలబారుగా ప్రాకెడు మొక్క యొకటి తఱచుగా కనబడును. అది గంగపాయ. అదే వేళకు ఆ యింటి గృహిణి సంచి పుచ్చుకొని ఆకుకూర కొనుటకు అంగడికి బయలుదేరును. వాకిటనే యున్న కూరను గుర్తించు విద్య తెలుగు కుటుంబములనుండి మెల్లమెల్లగా జాఱిపోవుచున్నది.

గంగపాయ, గంగవాయిలి, పావిలి, పప్పుకూర - తెలుగునాట ఒక్కొక్క సీమలో దీని కొక్కొక్క పేరు. బదిలీలపై దేశమంతయు తిరుగు ఉద్యోగి కుటుంబమునకు ఈ మొక్క ఎచ్చటనైనను ఎదురగును. పేరు మాత్రము మార్చుకొనును. ఢిల్లీలో కుల్ఫా, మహారాష్ట్రమున ఘోళ్, గుజరాతులో లూణీ, తమిళనాట పరుప్పుక్కీరై. సంస్కృతమున దీనిని లోణిక యందురు. లిన్నేయసు 1753లో దీనికి పోర్టులాకా ఒలెరేసియా యని పేరిడెను. ఆ పేరులోని రెండవ పదమునకు కూరగా పనికివచ్చునది యని అర్థము. అమెరికా రచయిత థోరో తన చేనిలో మొలచిన గంగపాయను ఉడికించి, ఉప్పు చేర్చి, దానితోనే తృప్తిగా భోజనము చేసినట్లు 1854లో వెలువడిన వాల్డెన్ అను గ్రంథమున వ్రాసికొనెను.

ఈ మొక్క ప్రాణశక్తి ఆశ్చర్యకరమైనది. పెరికి ఎండలో వేసినను వెంటనే చావదు. తడి తగిలిన కాడముక్క మరల వేళ్ళు తొడుగును. ఆకులలోను కాడలలోను నీరు దాచుకొనుట ఇందుకొక కారణము. వేఱొక కారణమును గలదు. సామాన్యముగా మొక్కలు పగటివేళ బొగ్గుపులుసు వాయువును పీల్చును. నేల యెండినపుడు గంగపాయ దానిని రాత్రివేళ పీల్చి, మాలిక్ ఆమ్లముగా నిలువచేసికొని, పగలు వాడుకొనును. అందుచేతనే వాన లేని దినములలో తెల్లవాఱుజామున కోసిన ఆకు పుల్లగా నుండును. సాయంకాలము కోసినదానిలో పులుపు తగ్గియుండును. ఈ పద్ధతియు, ఎండదేశపు పంటలలో కనబడు మఱియొక పద్ధతియు ఈ మొక్కలో ఒకే కణములయందు కలిసి పనిచేయుచున్నవని 2022లో యేల్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు వెల్లడించిరి.

ఆహారముగా దీని విలువ స్వల్పము కాదు. ఆకులో నూటికి తొంబదివంతులకు పైగా నీరే యైనను, మిగిలినదానిలో పొటాసియము, మెగ్నీసియము, సి విటమిను గలవు. ఒమేగా-3 జాతి క్రొవ్వులలో ఒకటి తాజా ఆకునందు 100 గ్రాములకు సుమారు 300 నుండి 400 మిల్లీగ్రాముల వఱకు కలదని 1992లో ప్రకటింపబడిన పరిశోధన తెలుపుచున్నది.

వంట సులభము. లేతకాడలతో సహా ఆకును మూడు నాలుగు నీళ్ళలో ఇసుక పోవునట్లు కడిగి, తఱిగి, కందిపప్పుగాని పెసరపప్పుగాని ముక్కాలు ఉడికిన పిమ్మట వేయవలెను. పులుపు సహజముగా నుండుటచేత చింతపండు కొంచెమే చాలును. ఉప్పును చివర రుచిచూచి వేయుట మేలు. ఎండుమిరప, వెల్లుల్లి, ఇంగువలతో తిరుగమోత పెట్టిన ఆ పప్పు వేడియన్నములోనికి కమ్మగా నుండును. పచ్చడియు, మజ్జిగపులుసును చేయుదురు.

వైద్యమునకు వచ్చినచో, భావప్రకాశము దీనిని శాకములలో చేర్చి గుణములు చెప్పినది. యూనానీ వైద్యులు దీని గింజలను చలువకై వాడుదురు. చీనావైద్యమున ఇది రక్తవిరేచనములకు వాడుకలోనున్న మూలిక. మన యిండ్లలో వేడిగడ్డలపై ఆకు నూరి పట్టువేయుట పెద్దల అలవాటు. ఇవి పరంపరగా వచ్చిన వాడుకలు. జ్వరము, రక్తము పడుట మొదలగు లక్షణములున్నపుడు వైద్యుని యొద్దకు పోవుటయే కర్తవ్యము.

జాగ్రత్తలును కలవు. ఈ ఆకులో ఆక్సలేటు హెచ్చు. మూత్రపిండములలో రాళ్ళున్నవారు దీనిని మానుట మంచిది. తక్కినవారును దినదినము గాక అప్పుడప్పుడు తినవలెను. పెరుగుతో కలిపినపుడు అందలి సున్నపుధాతువు ఆక్సలేటును పట్టుకొని, అది ఒంటబట్టుటను తగ్గించును. మజ్జిగపులుసు ఈ విధమున మేలైన వంటకము. మురుగుకాలువల ప్రక్కన, బండ్లు తిరుగు దారుల అంచున, కలుపుమందు చల్లిన చోట మొలచినదానిని ముట్టరాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది గుర్తింపు. నేలబారుగా ప్రాకు కొన్ని పాలమొక్కలు చూపునకు దీనిని పోలియుండును. అవి తినదగినవి కావు. కాడను త్రుంచినపుడు తెల్లనిపాలు కాఱినచో అది గంగపాయ కాదు. గంగపాయ కాడనుండి వచ్చునది నీటివంటి రసమే. ఆకు దళసరిగా నుండును, పువ్వు పసుపుపచ్చగా ఎండలో విచ్చును, గింజలు నల్లని నలుసులవలె నుండును. అనుమాన మున్నచో తినరాదు.

ఈ గుర్తింపు పుస్తకముచే మాత్రము రాదు. చేతితో త్రుంచి, వ్రేళ్ళ నడుమ నలిపి, తెలిసినవారు చూపగా నేర్వవలసినది. స్వగ్రామములలో నాయనమ్మలు, అమ్మమ్మలు కలుపుతీత వేళ బిడ్డలకు చూపుచుండిరి. దూరదేశపు కొలువులలో ఆ పెద్దలు సెలవులకు వచ్చిపోవు అతిథులైరి. వారు వచ్చినపుడు బిడ్డలను పెరటిలోనికి తోడుకొనిపోయి ఒక్క ఉదయము ఈ మొక్కను చూపింపగోరుట గృహస్థుల బాధ్యత. ఆ పూట పప్పులోనికి అంగడి కూర అక్కఱలేదు.