మన ఆడపిల్లలూ – గూఢచారి కథలూ



గూఢచారి కథలంటే మన ఇళ్లల్లో కాస్త చిన్నచూపే. డిటెక్టివ్ యుగంధర్ నవలల్ని లెక్కల పుస్తకం చాటున పెట్టుకుని చదివిన అమ్మలే, కూతురి చేతిలో అలాంటి పుస్తకం కనిపిస్తే "ముందు పాఠం చూసుకోవే" అని గదమాయిస్తారు. కానీ ఈవేళ నేను చెప్పబోయేది ఒట్టి కాలక్షేపం పుస్తకం కాదు. ఎలిజబెత్ వీన్ అనే రచయిత్రి రాయగా 2012లో వచ్చిన "కోడ్ నేమ్ వెరిటీ". పధ్నాలుగు, పదిహేనేళ్లు దాటిన పిల్లల కోసం రాసిన నవల. నా ఇంగ్లీషు అంతంతమాత్రం కనుక నిఘంటువు పక్కన పెట్టుకుని నెమ్మదిగా చదివాను.

రెండో ప్రపంచ యుద్ధకాలం. ఇద్దరు బ్రిటిష్ అమ్మాయిలు, ప్రాణస్నేహితులు. ఒకతె తాతగారి మోటారు సైకిళ్ల షాపులో ఇంజన్లు విప్పి బిగిస్తూ పెరిగి విమానం నడిపేదాకా వెళ్లింది. ఇదేం కల్పన కాదండోయ్. ఆ రోజుల్లో యుద్ధ విమానాలను ఒకచోటి నుంచి మరోచోటికి చేరవేసిన స్త్రీలు నిజంగానే ఉన్నారు. 1943లో వాళ్లకి మగవాళ్లతో సమానంగా జీతం కూడా ఇచ్చారు. రచయిత్రికీ విమానం నడపడం వచ్చు.

రెండో అమ్మాయి జర్మన్లు ఆక్రమించిన ఫ్రాన్సులో వేగుగా దిగింది. పట్టుబడింది ఎలాగంటారా? రోడ్డు దాటుతూ అటు చూడాల్సింది ఇటు చూసింది! మనలాగే ఎడమవైపు బండ్లు నడిచే దేశం నుంచి వచ్చింది మరి. ఎంత శిక్షణ ఇచ్చినా పుట్టింటి అలవాటు ఎక్కడికి పోతుంది?

రామాయణంలో వానరసేన మధ్య దొరికిపోయిన శుకసారణుల్ని రాముడు విడిచిపెట్టాడు. ఇక్కడ అలాంటి దయ లేదు. జైలుగా మార్చిన హోటల్లో పెట్టి, తెలిసిందంతా రాసివ్వమని రెండు వారాల గడువిచ్చారు. కాగితాలు చాలక, వంటల చీటీల మీదా, డాక్టరు మందుల చీటీల మీదా రాస్తుంది. ఆ రాతే నవలలో సగం. అందులో ఏది నిజం, ఏది అబద్ధం అన్నదే కథంతా. ముగింపు నేను చెప్పను.

"ఇంత భయంకరమైనది పిల్లలకెందుకమ్మా?" అని మీరడగవచ్చు. చిత్రహింసలు ఉన్నమాట నిజమే. అయితే సినిమాలో గూఢచారికి భయం ఉండదు, చొక్కా నలగదు. అది చూసిన పిల్లలకి యుద్ధం ఆటలా కనిపిస్తుంది. ఈ పుస్తకంలో అమ్మాయి వణుకుతుంది, ఏడుస్తుంది, వేళాకోళమూ ఆడుతుంది. నాకు రెండోదే క్షేమం అనిపిస్తుంది.

పైగా ఇలాంటి కథ నిజంగా నడిచిన అమ్మాయి మనకు మరీ దూరపుదేం కాదు. నూర్ ఇనాయత్ ఖాన్, టిప్పు సుల్తాన్ వంశపు పిల్ల. తండ్రి ఇనాయత్ ఖాన్ బరోడా సంగీత విద్వాంసుల ఇంటివాడు. మన హైదరాబాదులో ఆరో నిజాం ఎదుట పాడి మన్నన పొందినవాడు. నూర్ పారిస్‌లో పిల్లల కథలు రాసింది, అవి అక్కడి రేడియోలో కూడా వచ్చాయి. 1943 జూన్‌లో బ్రిటిష్ వారి వైర్‌లెస్ ఆపరేటరుగా రహస్యంగా ఫ్రాన్సులో దిగింది. తోటివాళ్లంతా అరెస్టవుతున్నా తిరిగి రానంది. పెట్టెలో వైర్‌లెస్ సెట్టు మోసుకుంటూ ఇల్లిల్లూ మారింది. ఎవరో డబ్బుకి పట్టిచ్చారు. పంపిన సందేశాలన్నీ ఆమె ఒక నోటుపుస్తకంలో రాసి ఉంచింది. దాని ఆధారంగా జర్మన్లు ఆమె పేరుతో లండనుకు దొంగ సందేశాలు పంపి మరికొందరిని వలలో వేసుకున్నారు. ధీరురాలి కథే, కానీ పిల్లలకి చెప్పేటప్పుడు ఈ సంగతి దాటెయ్యకండి. 1944 సెప్టెంబరులో డాకావ్ నిర్బంధ శిబిరంలో ఆమెను కాల్చి చంపారు. అప్పటికి వయసు ముప్ఫై. ఆ శాఖ నుంచి ఫ్రాన్సుకు వెళ్లిన 39 మంది స్త్రీలలో 13 మంది తిరిగి రాలేదు.

వీన్ నవల పధ్నాలుగేళ్లు నిండాకే ఇవ్వండి, ముందు మీరు చదవండి. చిన్న పిల్లలుంటే, 1939లో అచ్చయిన నూర్ పుస్తకం "ట్వెంటీ జాతక టేల్స్" తెప్పించండి. తన ఒంటినే వంతెనగా పరిచి తోటి కోతుల్ని దాటించిన కోతిరాజు కథ అందులో ఉంది. ఒక రాత్రి పడుకోబెట్టేముందు అది తెలుగులో చెప్పండి.